దారి చూపువాడా? ద్వారపాలకుడా?

(ప్రసంగ పాఠము)

శ్రోతలారా! ఒక మందుల టోకు వర్తక సంస్థకు విజయవాడలో ప్రధాన కార్యాలయమున్నది. గుంటూరు, ఏలూరు, రాజమహేంద్రవరము, నెల్లూరు పట్టణములలో నాలుగు శాఖలున్నవి. పూర్వము నెల్లూరి శాఖలోని సరకు లెక్క విజయవాడకు తెలియవలెనన్న టపాలో చిట్టా రావలెను. లేదా టెలిఫోనులో ఒకరు చదువుచుండ మరియొకరు వ్రాసికొనవలెను. నేడట్లు కాదు. నెల్లూరిలో గుమాస్తా బిల్లు తీసిన క్షణముననే విజయవాడలోని నిలువ లెక్క మారుచున్నది. అయిదు పట్టణములలోని కంప్యూటర్లు ఒకే యింటిలోని గదులవలె కలసియున్నవి.

ఈ కలుపుటకు సాధనమేది? యజమాని విచారింపగా ఒక వ్యాపారి “రూటరు తీసికొనుడు” అనును. మరియొక వ్యాపారి “ఫైర్‌వాలు తీసికొనుడు” అనును. చూచుటకు రెండును ఒక్కవలెనే యుండును: బల్లమీద ఇమిడెడి పెట్టె, ముందు మినుకుమినుకుమనెడి దీపములు, వెనుక తీగెలు. ధరలు మాత్రము వేరు. ఏది తీసికొనవలెను?

ఇది వర్తకుల గొడవ గదా, మాకేల యని మీరనుకొనవచ్చును. కాని మీరు డబ్బు దాచుకొన్న బ్యాంకు శాఖ, మీరు రక్తపరీక్ష చేయించుకొను ఆసుపత్రి, మీ పిల్లలు చదువు కళాశాల, ఇవన్నియు నేడు పెక్కు చోట్లనుండి ఒకే లెక్కను చూచుకొను సంస్థలే. వారు ఈ ప్రశ్నకు చెప్పుకొనిన సమాధానముమీద మీ డబ్బు, మీ ఆరోగ్యపు వివరములు ఆధారపడియున్నవి. అందుచేత ఈ రెండు పెట్టెల స్వభావమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. ఈ విషయమున నేను చేసిన పొరపాటొకటి కలదు. దానిని గూడ దాచక చెప్పెదను.

మొదట రూటరు. రైలులో టపా పెట్టెయందు రాత్రియంతయు ఉత్తరములను విడదీయు ఉద్యోగిని తలచుకొనుడు. అతడు ఉత్తరము విప్పడు, చదువడు. పైనున్న చిరునామా చూచును. ఇది ఏలూరికి, ఇది తునికి అని తగిన అరలో వేయును. రూటరు పనియు అంతే. కంప్యూటరునుండి వెలువడు సమాచారము చిన్న చిన్న తునుకలుగా పోవును, వీనిని ప్యాకెట్లందురు. ప్రతి ప్యాకెట్టు మీదను పంపినవాని చిరునామా, చేరవలసిన చిరునామా యుండును. రూటరు వద్ద దారుల పట్టిక యొకటి యుండును. ఆ పట్టిక చూచి ప్యాకెట్టును ఏ తీగెమీద పంపవలెనో నిర్ణయించును. ఒక దారి తెగినచో ఇరుగుపొరుగు రూటర్లతో సంభాషించి వేరు దారి తెలిసికొనును. దీని పూర్వ రూపము 1969వ సంవత్సరమున అమెరికాలో ఆర్పానెట్టు అను వలతో పాటు పుట్టినది. దారి చూపుట దీని ధర్మము. మరి యొకరు ప్రత్యేకముగ వద్దని చెప్పిననే తప్ప, వచ్చినదానినెల్ల పోనిచ్చుట దీని స్వభావము.

ఇక ఫైర్‌వాలు. మన పల్లెలలో తాటియాకుల యిండ్లు వరుసగా నుండిన వీధులను మీలో పెద్దలు చూచియుందురు. వేసవిలో ఒక యింటికి నిప్పంటుకొన్నచో గాలి వాటమున వీధి వీధియంతయు బుగ్గియయ్యెడిది. నడుమ నొక మట్టిగోడ నిలిచియున్నచోట మాత్రము అగ్ని ఆగెడిది. ఆ నిప్పుగోడ పేరే ఈ పెట్టెకు పెట్టినారు. 1988 నవంబరు 2వ తేదీన మోరిస్ పురుగు అను ఒక కార్యక్రమము వేల కంప్యూటర్లను స్తంభింపజేసిన పిమ్మట ఇట్టి గోడల యావశ్యకత లోకమునకు తెలియవచ్చినది.

ఫైర్‌వాలు ద్వారపాలకుని వంటిది. దాని చేతిలో ఒక చిట్టా యుండును. లోపలినుండి ఎవరు ఎవరికి ఏ ప్రశ్న పంపిరో వ్రాసికొనును. దానికి జవాబుగా వచ్చినదానిని లోపలికి రానిచ్చును. పిలువని పేరంటముగా వచ్చినదానిని గుమ్మము వద్దనే ఆపును. నేటి ఫైర్‌వాళ్లు ఇంకను ముందునకు పోయి, కవరు లోపలి వ్రాతను గూడ పరీక్షించును: ఇది బిల్లుల కార్యక్రమమా, చలనచిత్రమా, దొంగ కార్యక్రమమా యని విచారించును. ఒకరు ప్రత్యేకముగ సరేయని చెప్పిననే తప్ప, దేనిని పోనీయకుండుట దీని స్వభావము.

గమనించితిరా? భేదము పెట్టెలో లేదు, స్వభావములో నున్నది. ఒకటి ‘వద్దన్నవి తప్ప అన్నియు’ అనును. రెండవది ‘సరేయన్నవి తప్ప ఏదియు వలదు’ అనును. నేడు రూటర్లకు గూడ కొంత కావలి పని నేర్పినారు. ఫైర్‌వాళ్లకు గూడ దారి చూపు విద్య నేర్పినారు. రెండును రహస్య మార్గములు నిర్మింపగలవు. కనుక పేరును బట్టి గాక, ఏ చోట ఏ పని ముఖ్యమో దానిని బట్టి ఎన్నుకొనవలెను.

రహస్య మార్గమంటిని, అదేమో చెప్పెదను. రెండు ఊళ్లను కలుపుటకు మూడు విధానములున్నవి. మొదటిది, టెలిఫోను సంస్థ వద్ద మనకొక్కరికే చెందిన తీగెను అద్దెకు తీసికొనుట. రెండవది, ఎం.పి.ఎల్.ఎస్. అను పద్ధతిలో ఆ సంస్థవారి వలలోనే మనకొక ప్రత్యేకమైన పాయను ఏర్పాటు చేయించుకొనుట. ఈ పాయ ఇతరుల పాయలతో కలియదు. కాని అందులో పోవు వ్రాత తనంతట తాను గూఢలిపిగా మారదు. ఈ సంగతి తెలియక, వేరుగా నున్నది కనుక రహస్యముగా నున్నదని భ్రమపడువారు పెక్కురు. మూడవది, అందరును వాడు ఇంటర్నెట్టు మీదనే సొరంగము త్రవ్వుట. శాఖలోని పెట్టె ప్యాకెట్టును గూఢలిపిలోనికి మార్చి, దానిని మరియొక కవరులో పెట్టి, సీలు వేసి పంపును. ప్రధాన కార్యాలయములోని పెట్టె సీలు విప్పి లోపలి ప్యాకెట్టును తీయును. దారిలో చూచినవానికి పై కవరు తప్ప ఏమియు తెలియదు. ఐపీసెక్ అను ఈ పద్ధతికి నియమములు మొదట 1995లో ప్రకటింపబడినవి. అద్దె తీగె కంటె ఇది చవుక గావున, చిన్న సంస్థలు మిక్కిలిగా దీనినే ఆశ్రయించుచున్నవి.

ఇక నా పొరపాటు. 2017వ సంవత్సరమున నేను చెప్పిన ఆ మందుల సంస్థవారు నన్ను సలహా యడిగిరి. ఖర్చు తగ్గవలెనని యజమాని కోరిక. పని త్వరగా ముగియవలెనని నా కోరిక. అయిదు చోట్లను అయిదు రూటర్లు పెట్టించి, వాని నడుమ సొరంగములు నిర్మించితిని. సొరంగములో ఏది పోవచ్చును, ఏది పోరాదు అను నియమమొక్కటియు వ్రాయలేదు. వృద్ధుడైన వారి లెక్కల గుమాస్తా నన్నడిగెను: “బాబూ, వీధి తలుపుకు తాళం వేశారు సరే, గదులకు తలుపులు అక్కరలేదా?” నేను నవ్వి, “అందరూ మనవాళ్లే కదండీ, లోపల తలుపులెందుకు?” అంటిని. అది నాకు తెలివైన మాటగా తోచినది.

ఆరు నెలలు పని చక్కగా సాగినది. ఒక సోమవారము ఉదయమున ఏలూరి శాఖలో ఒక యువతి తన ఈ-మెయిలులో వచ్చిన సరకు పట్టికను తెరచినది. అది సరకు పట్టిక కాదు. పది నిమిషములలో ఆమె కంప్యూటరులోని ఫైళ్లన్నియు తాళము పడిపోయినవి. అంతటితో ఆగిన విచారము లేదు. ఆ దుష్ట కార్యక్రమము నా సొరంగము వెంట విజయవాడకు పోయినది. అచ్చటినుండి తక్కిన మూడు ఊళ్లకు వ్యాపించినది. ప్రతి రాత్రి తీయు నకళ్లు సైతము అదే వలలోనున్న కంప్యూటరు మీదనే యుండుటచేత అవియు పోయినవి. తాళము తీయుటకు డబ్బు పంపుమని తెరమీద వ్రాత కనబడినది. యజమాని పంపలేదు.

తొమ్మిది దినములు అయిదు కార్యాలయములలోను చేతితో బిల్లులు వ్రాసిరి. అరలలోని మందు సీసాలను ఒక్కొక్కటిగా లెక్కించి నిలువ పట్టికను మరల తయారు చేసిరి. చల్లని పెట్టెలలో నుంచవలసిన మందులు ఏ ఆసుపత్రికి ఎన్ని పంపవలెనో తెలియక టెలిఫోన్లు చేసి యడుగవలసి వచ్చినది. మూడవనాడు నేను ఏలూరు పోగా ఆ యువతి రాజీనామా పత్రము చేత పట్టుకొని నిలిచియుండెను. “నా వల్లనే ఇంత పని జరిగిందండీ” అని కంట నీరు పెట్టుకొనెను. నేనేమి చెప్పగలను? ఒక కాగితము తెరచుట మనుష్యమాత్రులు చేయు పొరపాటు. ఆ పొరపాటు అయిదు ఊళ్లకు ప్రాకునట్లు దారి వేసినవాడను నేను. ఆ మాట యజమాని యెదుట చెప్పితిని. రాజీనామా పత్రమును ముసలి గుమాస్తా తీసికొని చించివేసెను.

నా పొరపాటు చిన్నవారి కథ. అదే సంవత్సరమున పెద్దవారికిని ఇట్లే జరిగినది. 2017 మే 12వ తేదీన వన్నాక్రై అను పురుగు లోకమంతట వ్యాపించినది. కంప్యూటర్లు ఫైళ్లు పంచుకొనుటకు వాడు 445వ సంఖ్య గల ద్వారము వెంట అది ఒకదానినుండి మరియొకదానికి దూకినది. ఆ లోపమునకు మందు మార్చి నెలలోనే వెలువడినను పెక్కురు వేసికొనలేదు. జూన్ 27వ తేదీన నాట్‌పెట్యా అనునది వచ్చినది. మర్‌స్క్ అను డెన్మార్కు దేశపు ఓడల సంస్థ, ఆ దెబ్బ తరువాత 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను పది దినములలో మరల నెలకొల్పవలసి వచ్చినదని దాని అధ్యక్షుడు 2018 జనవరిలో చెప్పెను. ఉద్యోగుల పేర్లు, అధికారములు దాచియుంచు ముఖ్యమైన పట్టిక ఒక్క ఘనా దేశపు కార్యాలయములో మాత్రమే మిగిలినదని పిమ్మట పత్రికలు వ్రాసినవి. కారణమేమనుకొన్నారు? ఆ సమయమునకు అచ్చట కరెంటు పోయి, ఆ కంప్యూటరు వలనుండి విడిపోయియుండెను. కలిసియుండుట ప్రాణమని మనమనుకొనుచుండగా, విడిపోయినదే ఆనాడు వారిని కాపాడినది.

కాబట్టి కలుపుట యెంత యవసరమో, కలిపినచోట గోడ పెట్టుటయు నంత యవసరము. ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము: ఎచ్చట రూటరు? ఎచ్చట ఫైర్‌వాలు?

మొదట విచారింపవలసినది, శాఖలోనివారు ఇంటర్నెట్టుకు ఏ దారిన పోవుదురు అనునది. శాఖకు అద్దె తీగె మాత్రమే యుండి, ఇంటర్నెట్టు కావలసినను విజయవాడ మీదుగనే పోవలసియున్నచో, శాఖ గుమ్మములో రూటరు చాలును. కావలివానిని విజయవాడలో నిలిపిన సరిపోవును. శాఖల నడుమ రాకపోకలు గూడ అతని యెదుటనుండియే సాగునట్లు చూడవలెను. కాని ఈ పద్ధతిలో శాఖ తెప్పించుకొను ప్రతి పుటయు విజయవాడ తీగెమీద రెండుమారులు నడచును, లోపలికి ఒకసారి, శాఖ వైపు మరియొకసారి. నాలుగు శాఖలకు ఇబ్బంది లేకపోవచ్చును. నలుబది శాఖలైనచో ప్రధాన కార్యాలయపు తీగె సంతదినపు సందువలె కిక్కిరిసిపోవును. అట్లుగాక శాఖకు దాని సొంత ఇంటర్నెట్టు తీగె యున్నచో, ఆ శాఖకు వీధి గుమ్మమున్నట్లే. వీధి గుమ్మమున్న యింటికి తలుపుండవలెను. అచ్చట దారి చూపు విద్య గూడ తెలిసిన చిన్న ఫైర్‌వాలు ఒకటి చాలును. వేరుగా రూటరు అక్కరలేదు.

రెండవది, ప్రధాన కార్యాలయము. ఇద్దరు ముగ్గురు సేవాదాతలనుండి తీగెలు తీసికొని, ఒకటి తెగిన మరియొకటి తానే పని చేయవలెనని కోరు పెద్ద సంస్థలకు, దారులను లోతుగా నెరిగిన రూటరు ముందుండి, దాని వెనుక ఫైర్‌వాలుండుట మేలు. ఇచ్చట నొక చిక్కున్నది. ప్రశ్న ఒక తీగెమీద పోయి జవాబు మరియొక తీగెమీద వచ్చినచో రూటరుకు పట్టింపు లేదు. చిరునామా సరిగా నున్న చాలును. ఫైర్‌వాలు అట్లు కాదు. ఆ రెండవ గుమ్మములోని కావలివాని చిట్టాలో ఆ ప్రశ్న లేదు గనుక, జవాబును దొంగయని త్రోసివేయును. రెండు ఫైర్‌వాళ్లు పెట్టువారు ఒకదాని చిట్టా రెండవదానికి తెలియునట్లు జతపరుపవలెను. లేదా పోయిన దారినే తిరిగి వచ్చునట్లు నియమింపవలెను. ఈ సంగతి తెలియక వారముల తరబడి తీగెలు మార్చినవారిని నేనెరుగుదును.

మూడవది, సొరంగముల లెక్క. అయిదు కార్యాలయములు ప్రతిదానితో ప్రతిది నేరుగా కలియవలెనన్న పది సొరంగములు కావలెను. ఇరువదింటికి నూట తొంబది! అందరును ప్రధాన కార్యాలయముతోనే కలిసినచో అయిదింటికి నాలుగు, ఇరువదింటికి పందొమ్మిది చాలును. నెల్లూరు ఏలూరితో నిజముగా మాటలాడవలసిన పని యున్నదా? మా సంస్థలో లేదని తేలినది. ఉన్నవారు, శాఖలు పెక్కుగా నున్నవారు, సొరంగములను వలసినప్పుడు తామే త్రవ్వుకొనునట్టి ఎస్.డి.వాన్ అను నూతన పద్ధతిని విచారింపవలెను.

నాలుగవది, చిరునామాలు. లోపలి కంప్యూటర్లకు వాడుకొనుటకై మూడు చిరునామా వర్గములను ప్రత్యేకించినారు. బజారులో కొన్న పెట్టెలు చాలవరకు 192.168 తో మొదలగు ఒకటి రెండు వరుసలనే పెట్టుకొని వచ్చును. గుంటూరులోను ఏలూరిలోను అదే వరుస యుండినచో, ఒకే పేరు గల రెండు వీధులున్న ఊరివలె టపా తికమకపడును. కొనుటకు ముందే కాగితము తీసికొని, విజయవాడకు 10.1, గుంటూరుకు 10.2, ఏలూరుకు 10.3 అని వరుసగా పంచిపెట్టుకొనుడు. ఒక పూట పని. ఏండ్ల తరబడి శాంతి. మరియొక మాట: ప్రధాన కార్యాలయమునకు మారని బహిరంగ చిరునామా నొకదానిని సేవాదాత వద్ద తీసికొనవలెను. శాఖలకది లేకున్నను, శాఖయే ముందుగా తలుపు తట్టునట్లు ఏర్పాటు చేయవచ్చును.

అయిదవది, వేగము. ఫైర్‌వాలు ప్రకటన పత్రములో మూడు నాలుగు వేగములు వ్రాసియుండును. ఊరక చిట్టా చూచి పంపునప్పటి వేగము పెద్ద యక్షరములలో నుండును. గూఢలిపి వ్రాయునప్పటి వేగము దానికంటె తక్కువ. కవరు విప్పి లోపల పరీక్షించునప్పటి వేగము ఇంకను తక్కువ. మీరు పరీక్షలన్నియు చేయింపదలచినచో ఆ కడపటి సంఖ్యనే చూడవలెను. తెలియక చిన్న పెట్టెతో పెద్ద పని చేయించినచో బిల్లు తీయుటకు నిమిషము పట్టును, విసిగిన గుమాస్తా పరీక్షలన్నియు ఆపివేయుడని కోరును, ఆపివేయుదురు, అప్పుడు కొన్న డబ్బు గంగపాలు.

ప్రమాదమైన పిమ్మట మా సంస్థలో నాలుగు శాఖలకు నాలుగు చిన్న ఫైర్‌వాళ్లు, విజయవాడకొక పెద్దది పెట్టితిమి. నియమములు ఈసారి కాగితముమీద ముందు వ్రాసితిమి. శాఖనుండి బిల్లుల సర్వరుకు పోవచ్చును. శాఖనుండి శాఖకు పోరాదు. ఫైళ్లు పంచుకొను 445వ ద్వారము ఊళ్ల నడుమ మూసియుండవలెను. నకళ్లు తీయు కంప్యూటరు వేరొక గదిలో, వేరొక గోడ వెనుక నుండవలెను. వారమునకొక నకలు వలకు తగలక బీరువాలో నుండవలెను.

అయినను ఇల్లు అలుకగానే పండుగ కాదు గదా! మరునాడే రాజమహేంద్రవరమునుండి ఫిర్యాదు వచ్చినది. చిన్న బిల్లులు వచ్చుచున్నవట. పెద్ద పట్టికలు సగములో ఆగిపోవుచున్నవట. విచారింపగా దోషము తీగెలో లేదు, కవరులో నున్నది. ఈ తీగెలమీద ఒక ప్యాకెట్టు సాధారణముగా 1500 బైట్లకు మించరాదు. సొరంగపు పై కవరు, సీలు కలసి సుమారు 50 నుండి 80 బైట్లు తినును. నిండు ప్యాకెట్టుకు కవరు తొడిగినచో గుమ్మములో పట్టదు. లోపలి వ్రాత 1360 బైట్లకు మించకుండునట్లు ఒక్క నియమము వ్రాయగా రెండు నిమిషములలో బాధ తీరినది. ఈ చిన్న సంగతి నెరిగియున్నవానిని పనికి పిలుచుకొన్నచో మీకెన్నియో దినములు మిగులును.

ఇక కొన్న పిమ్మటి బాధ్యత. ఫైర్‌వాలుకు ఏటేట లైసెన్సు చెల్లింపవలెను. లేనిచో క్రొత్త దొంగల ఆనవాళ్లు దానికి తెలియవు. 2022 జనవరిలో హైదరాబాదులోని ఒక సహకార బ్యాంకునుండి దుండగులు సుమారు 12 కోట్ల రూపాయలు అపహరించిరి. ఉద్యోగులకు పంపిన మోసపు ఈ-మెయిళ్ల ద్వారా వారు లోపల ప్రవేశించిరనియు, బ్యాంకు ఫైర్‌వాలుకు చెల్లుబాటగు లైసెన్సు లేదనియు పోలీసులు వెల్లడించిరి. జీతమియ్యని కావలివాడు గుమ్మములో నిలుచుండినను కన్ను మూసికొనియే యుండును. రూటరుకు ఈ బాధ లేదని సంతోషింపరాదు. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అను దుష్ట కార్యక్రమము 54 దేశములలో కనీసము 5 లక్షల పెట్టెలలో ప్రవేశించినట్లు పరిశోధకులు కనుగొనిరి. అవి చాలవరకు ఇండ్లలోను, చిన్న కార్యాలయములలోను ఉండు రూటర్లే. పెట్టె యేదైనను, తయారుచేసినవారు పంపు సవరణలను ఎప్పటికప్పుడు వేయవలెను. దానిని నడుపు పుటను ఇంటర్నెట్టు వైపు తెరచియుంచరాదు.

భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28వ తేదీన ఇచ్చిన ఆదేశముల ప్రకారము, సంస్థలు తమ యంత్రముల దినచర్య చిట్టాలను 180 దినములు భద్రపరుపవలెను. గడియారములన్నియు ఒకే కాలము చూపవలెను. ప్రమాదము తెలిసిన ఆరు గంటలలో తెలియజేయవలెను. చిట్టాలను దాచుట యొక్కటియే కాదు, చూచువారొకరుండవలెను. లేనిచో దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లగును.

శ్రోతలారా! మీ యింటిలో గూడ గోడమూల నొక చిన్న పెట్టె యుండవచ్చును. అది దారియు చూపును, కొంత కావలియు కాయును. దానితో వచ్చిన రహస్యపదమును ఇంకను మార్చకున్నచో ఈ రాత్రియే మార్చుడు. మీలో సంస్థలు నడుపువారుండినచో, ఏ పెట్టె కొనవలెనని అడుగుటకు ముందు మిమ్ము మీరు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఏ శాఖ ఎవరితో మాటలాడవలెను? ఎవరితో మాటలాడనక్కరలేదు? ఒకచోట నిప్పంటుకొన్న ఎచ్చట ఆగవలెను? మొదటి ప్రశ్నకు సమాధానము రూటరు చెప్పును. కడపటి రెండింటికి ఫైర్‌వాలు చెప్పును. మూడింటిని ముందుగా కాగితముమీద వ్రాయవలసినవారు మాత్రము మనమే.

ఏలూరి యువతి నేటికిని ఆ శాఖలోనే పని చేయుచున్నది. ఆ శాఖ చిట్టాను ప్రతి ఉదయము చూచు బాధ్యతను ఆమెయే కోరి తీసికొన్నది. క్రిందటి సంవత్సరము ఒక మోసపు ఈ-మెయిలు వచ్చినపుడు విజయవాడవారికంటె ముందుగా ఆమెయే కనిపెట్టినది. ఆ ఫోను వచ్చినపుడు ముసలి గుమాస్తా నా ప్రక్కనే యుండెను. “చూశారా బాబూ, తలుపు దగ్గర నిలబడవలసింది మనిషే” అనెను. ఈసారి నేను నవ్వలేదు.